‘అప్పుడు’ ఎక్కడ రాలిపోయింది? బైబిలును సొంతంగా చదవడం గురించి

విశాఖపట్నంలో కంచరపాలెం నుంచి గాజువాక దాకా తిరిగితే, క్రైస్తవ కుటుంబాలు నడిపే కిరాణా కొట్ల గోడల మీద, టైలర్ షాపుల అద్దాల మీద, గృహప్రతిష్ఠ ఆహ్వాన పత్రికల పైభాగాన ఒక వాక్యం తరచుగా కంటబడుతుంది: “నీ స్థితి మొదట కొద్దిగా నుండినను తుదను నీవు మహాభివృద్ధి పొందుదువు.” కింద చిన్న అక్షరాల్లో యోబు 8:7 అని ఉంటుంది. అప్పు చేసి కొట్టు పెట్టుకున్నవాడికి ఇంతకంటే ధైర్యమిచ్చే మాట ఏముంటుంది? మాట మంచిదే. చిక్కల్లా ఆ మాట అన్నవాడితోనే.

అన్నది దేవుడు కాదు, ప్రవక్త కాదు, యోబు కూడా కాదు. యోబును పరామర్శించడానికి వచ్చిన ముగ్గురు స్నేహితుల్లో ఒకడైన బిల్దదు. సందర్భం తెలిస్తే ఇంకా చేదుగా ఉంటుంది. యోబు పిల్లలు పదిమందీ ఒకే రోజు ఇల్లు కూలి చనిపోయారు. ఆయన ఒళ్లంతా కురుపులతో బూడిదలో కూర్చుని ఉన్నాడు. ఆ తండ్రి ఎదుట బిల్దదు పలికిన ఓదార్పు సారాంశం ఇది: నీ కొడుకులు పాపం చేసి ఉంటారు, అందుకే దేవుడు వాళ్లను దాని ఫలితానికి వదిలేసి ఉంటాడు, నువ్వైనా పవిత్రంగా ఉంటే ఆయన నిన్ను పట్టించుకుంటాడు, అప్పుడు బాగుపడతావు. నాలుగో వచనంలో చనిపోయిన పిల్లల మీద నింద, ఏడో వచనంలో మహాభివృద్ధి. చావింటికి వచ్చి ఇలా మాట్లాడే చుట్టాలు మనకూ ఉంటారు. వాళ్ల మాటలకు ఫ్రేము కట్టించి గోడకు తగిలించం.

పుస్తకం ఆఖరున, 42వ అధ్యాయంలో, దేవుడు ఆ స్నేహితుల మీద కోపపడి “మీరు నన్నుగూర్చి యుక్తమైనది పలుకలేదు” అంటాడు. నిజమే, యోబుకు చివరికి పోయినదానికి రెండింతలు వచ్చింది. పైపైన చూస్తే బిల్దదు జోస్యమే ఫలించినట్టు కనిపిస్తుంది. కానీ మంచివాడికి మంచే జరుగుతుంది, కష్టం వచ్చిందంటే ఎక్కడో తప్పు చేసినట్టే అనే లెక్కను కాదనడానికే ఆ పుస్తకం నలభై రెండు అధ్యాయాలు నడిచింది. ఆ లెక్క వేసినవాడి మాట ఇప్పుడు గల్లాపెట్టె పైన ఉంది.

ఇక్కడ ఒక చిన్న ఆధారం దొరుకుతుంది. ఇళ్లలో ఎక్కువగా ఉండే పాత తెలుగు బైబిల్లో ఈ వచనం “అప్పుడు నీ స్థితి...” అని మొదలవుతుంది. గోడ మీదికి వచ్చేసరికి ఆ ‘అప్పుడు’ రాలిపోయింది. ఎప్పుడు? అని అడిగితే చాలు, కన్ను దానంతట అదే వెనక వచనాలకు వెళుతుంది. అక్కడ “నీవు పవిత్రుడవై యథార్థవంతుడవైనయెడల” అనే షరతు, దానికి ముందు పిల్లల మీద నింద, దానికీ ముందు మాట్లాడుతున్నవాడి పేరు వరసగా బయటపడతాయి. బైబిలు మూలభాషలైన హెబ్రీ, గ్రీకు రాకపోయినా, వేదాంత కళాశాల గుమ్మం తొక్కకపోయినా చేయగలిగిన పని ఇది. ‘అప్పుడు’, ‘కాబట్టి’, ‘అయితే’, ‘అందుచేత’ అనే మాటలు కనిపించినచోట ఆగడం. రోమా పత్రిక, అంటే రోములోని విశ్వాసులకు అపొస్తలుడైన పౌలు రాసిన ఉత్తరం, 12వ అధ్యాయం “కాబట్టి సహోదరులారా” అని మొదలవుతుంది. దాని వెనక పదకొండు అధ్యాయాల వాదన ఉంది. ‘కాబట్టి’తో ప్రసంగం మొదలుపెట్టి, దేన్నిబట్టో చెప్పకుండా గంటసేపు సాగించడం మన సంఘాల్లో వింతేమీ కాదు.

బైబిలును జనం తమ భాషలో తామే చదువుకోవాలన్న ఆలోచనకూ ఈ ఊరికీ పాత సంబంధం ఉంది. మద్రాసులో బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ మిషనరీ 1720లలోనే తెలుగు అనువాదానికి పూనుకున్నాడు గాని ఆ రాతప్రతి అచ్చుకు నోచుకోలేదు. తర్వాత 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ విశాఖపట్నంలో దిగారు. తెలుగు నేర్చుకుంటూనే అనువాదం మొదలుపెట్టారు. క్రైస్తవం పుచ్చుకున్న ఆనందరాయర్ అనే బ్రాహ్మణుడు వాళ్లతో కలిశాడు. దొరలకు గ్రంథం తెలుసు, ఆయనకు భాష తెలుసు. ఏ మాట తెలుగులో నిలబడుతుందో, ఏది నిలబడదో చెప్పగలిగిన మనిషి వాళ్లకు ఆయనే. 1809లో క్రాన్, 1810లో డెస్ గ్రాంజెస్ చనిపోయారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో బెంగాలులోని సెరంపూర్‌లో అచ్చయ్యాయి. పుస్తకం చేతికి వచ్చేనాటికి మొదలుపెట్టిన ఇద్దరూ లేరు. తరవాత ఎడ్వర్డ్ ప్రిచెట్, ఆ పైన జాన్ హే వంటివాళ్లు ఇదే ఊళ్లో ఉండి ఆ పనిని ముందుకు తీసుకెళ్లారు. మొత్తం బైబిలు తెలుగులో వెలువడింది 1854లో.

ఈ తేదీలకు నేటి పాఠకుడితో సూటిగా పని ఉంది. వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి పోరాటం మొదలవడానికి చాలాకాలం ముందే ఈ అనువాదపు తెలుగు కుదురుకుంది. ఆ తర్వాత ఎన్ని సవరణలు జరిగినా పాత బైబిలు నడక గ్రాంథికమే. అందుకే అందులోని కొన్ని మాటలు తెలిసినట్టే ఉండి మోసం చేస్తాయి. తెలియని మాట ఎదురైతే పాఠకుడు ఆగి అడుగుతాడు. తెలిసిన మాటే వేరే అర్థంతో వస్తే ఆగకుండా వెళ్లిపోతాడు. ఎక్కువ నష్టం ఈ రెండోదానితోనే.

‘సమాధానము’ చూడండి. బడిలో ప్రశ్న పక్కన ఉండేది సమాధానం. పౌలు పత్రికల మొదట్లో “మీకు కృపయు సమాధానమును కలుగును గాక” అని ఉంటుంది. అక్కడ దాని అర్థం శాంతి. సండే స్కూలు పిల్లలు దాన్ని ప్రార్థనకు జవాబు అని అనుకోవడం సహజం. పెద్దల్లో కూడా కొందరు అలాగే అనుకుంటారు, పైకి అనరు. ‘నిరీక్షణ’ అంటే మనకు ద్వారకా బస్ స్టేషన్‌లో బస్సు కోసం పడే ఎదురుచూపు. బైబిల్లో అది ఆశ, నమ్మకంతో కూడిన ఆశ. ‘నీతి’ అంటే కథ చివర చెప్పేది కాదు, దేవుని ఎదుట న్యాయంగా, సరిగ్గా నిలిచిన స్థితి. ‘పాపం’ సంగతి సరేసరి, జాలి చూపించడానికి కూడా ఆ మాటే వాడతాం. తూర్పు నౌకాదళం ఉన్న ఊళ్లో ‘రక్షణ’ అనగానే ముందు మనసులోకి వచ్చేది నేవీయే, పాపం నుంచి విడుదల కాదు. ఇవన్నీ అనువాదకుల పొరపాట్లు కావు. వాళ్లు ఎంచుకున్న మాటలు అక్కడే ఉన్నాయి, బయట భాష కదిలి వెళ్లింది.

సమాధానము అనే మాటను కాస్త లోతుగా తవ్వితే మరో ప్రసిద్ధ వాక్యం దగ్గరికి చేరతాం. డిసెంబరు 31 రాత్రి ఆరాధన ఈ నగరంలో చిన్న షెడ్డు సంఘం నుంచి పెద్ద చర్చి దాకా అన్నిచోట్లా జరుగుతుంది. పన్నెండు దాటాక పళ్లెంలో వాగ్దాన కార్డులు పెట్టి తిప్పుతారు. కళ్లు మూసుకుని ఒకటి తీయాలి. ఏడాదంతా దేవుడు మనకిచ్చిన మాట అదే. ఏ కార్డు వచ్చిందో పక్కవాళ్లకు చూపించుకోవడం, శిక్ష గురించిన వాక్యం ఎవరికీ రాకపోవడం అందరికీ తెలిసినవే. ఏరి అచ్చువేసేవి కాబట్టి ఆ రెండోదాంట్లో అద్భుతమేమీ లేదు. ఆ కార్డుల్లో తప్పనిసరిగా ఉండేది యిర్మీయా 29:11. “నేను మిమ్మునుగూర్చి ఉద్దేశించిన సంగతులను నేనెరుగుదును” అని మొదలై, అవి “సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు” అంటుంది.

అది ఒక ఉత్తరంలోని వాక్యం. క్రీస్తుకు పూర్వం ఆరో శతాబ్దం తొలినాళ్లలో బబులోను రాజు యెరూషలేము నుంచి రాజును, పెద్దలను, పనివాళ్లను చెరపట్టుకుపోయాడు. త్వరలోనే తిరిగి వెళ్లిపోతామని అక్కడ కొందరు ప్రవక్తలు ఊదరగొడుతున్నారు. యెరూషలేములో ఉన్న యిర్మీయా వాళ్లకు ఉత్తరం రాశాడు. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పెళ్లిళ్లు చేసుకోండి, పిల్లల్ని కనండి అన్నాడు. అంటే ఇప్పట్లో వచ్చేది లేదు. పదో వచనంలో లెక్క కూడా చెప్పాడు: డెబ్భై ఏళ్లు. ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది సొంతూరు మళ్లీ చూడకుండానే కన్నుమూస్తారు. పదకొండో వచనం ఆ డెబ్భై ఏళ్ల తరవాత వచ్చే వచనం. కార్డు మీద డెబ్భై ఉండదు. పది నెలల్లో వీసా రావాలనుకునే కుర్రాడికి డెబ్భై ఏళ్లు కనిపిస్తే కార్డు తిరిగి పళ్లెంలో పెట్టేస్తాడేమో.

ఇక ‘సమాధానము’ అనే ఆ మాట. ఏడో వచనంలో యిర్మీయా ఇంకో విచిత్రమైన సలహా ఇస్తాడు: మిమ్మల్ని చెరపట్టుకొచ్చిన ఆ పట్టణం “క్షేమముకోరి” ప్రార్థన చేయండి, దాని క్షేమమే మీ క్షేమానికి కారణమవుతుంది. శత్రువు ఊరి బాగు కోసం ప్రార్థన! తెలుగులో ఏడో వచనంలో ‘క్షేమము’, పదకొండో వచనంలో ‘సమాధానకరమైన’ అని రెండు వేర్వేరు మాటలున్నాయి. హెబ్రీలో రెండుచోట్లా ఉన్నది ఒకే మాట, షాలోమ్; శాంతి, క్షేమం రెండూ అందులో ఇమిడి ఉంటాయి. ఏడో వచనంలో అది మూడుసార్లు మోగుతుంది, పదకొండులో మళ్లీ వినిపిస్తుంది. మూలంలో వినేవాడికి ఆ రెండూ ముడిపడి ఉన్నాయి: దేవుడు మీ కోసం తలపెట్టిన షాలోమ్, మీరు బబులోను కోసం కోరాల్సిన షాలోమ్. తెలుగులో ఆ ముడి కనిపించదు. కార్డులో అసలే కనిపించదు, ఏడో వచనం కార్డుకు ఎక్కదు కాబట్టి. పక్కవీధి బాగుకోరి ప్రార్థించమనే వాగ్దాన కార్డు ఎవరికైనా వచ్చిందేమో అడిగి చూడవచ్చు.

వాక్యాలు ఇలా ముక్కలై తిరగడానికి అంకెలదే సగం బాధ్యత. అధ్యాయాల విభజన పదమూడో శతాబ్దపు తొలినాళ్లది, స్టీఫెన్ లాంగ్టన్ అనే ఇంగ్లండు మతాధికారి పేరుతో ముడిపడినది. నేడు వాడే వచన సంఖ్యలను కొత్త నిబంధనకు 1551లో పెట్టింది రోబెర్ ఎస్తియెన్ అనే ముద్రాపకుడు. చోటు వెతుక్కోవడానికి అవి బాగా పనికొస్తాయి. పాస్టరు గారు “ఫిలిప్పీయులకు నాలుగు, పదమూడు” అనగానే జిప్పు కవర్లు సర్రుమని తెరుచుకుని, పది క్షణాల్లో ముందు వరసలో ఒకావిడ చదవడం మొదలుపెట్టేది ఆ అంకెల చలవే. కాకపోతే పౌలు ఫిలిప్పీకి పంపింది ఉత్తరం. ఉత్తరాన్ని ఎవరూ పదమూడో వాక్యం నుంచి మొదలుపెట్టరు. “నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను” అనే ఆ వాక్యం కోచింగ్ సెంటర్ల పిల్లల ఎగ్జామ్ ప్యాడ్ల మీద, జిమ్ముల గోడల మీద ఉంటుంది. ముందు వచనంలో రాసినవాడు చెబుతున్నది ఆకలితో ఉండటం, లేమిలో ఉండటం నేర్చుకున్నానని. అదీ బంధకాల్లో ఉండి. ర్యాంకు రానప్పుడు పనికొచ్చే వాక్యాన్ని ర్యాంకు కోసం వాడుతున్నాం. ఫిలిప్పీ పత్రిక మొత్తం నాలుగే అధ్యాయాలు, మొదటి నుంచి చివరిదాకా పైకి చదివితే అరగంట పట్టదు.

ఏడాదిలో బైబిలు పూర్తిచేసే ప్రణాళికలు వేసుకునేవారు చాలామంది. ప్రొటెస్టెంట్ బైబిల్లో 66 పుస్తకాలు, 1,189 అధ్యాయాలు. రోజుకు మూడు, నాలుగు చదివితే జనవరి ఆఖరుకల్లా బలుల నియమాలతో నిండిన లేవీయకాండం వస్తుంది. చాలా ప్రణాళికలు అక్కడే బలి అవుతాయి. రూతు, యోనా, మార్కు వంటి ఒక పుస్తకాన్ని పట్టుకుని, ఒకే కూర్పులో లేదా రెండు కూర్పుల్లో పూర్తిగా చదవడం ఇంతకంటే తెలివైన పని. పైకి చదివితే ఇంకా మంచిది. కంటికి బరువుగా అనిపించే గ్రాంథికం చెవికి ఇంపుగా ఉంటుంది.

చదివేది ఏ రకం రాతో గమనించడం అంతే అవసరం. ఈ విషయంలో తెలుగువాళ్లకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. సామెతల గ్రంథం 26వ అధ్యాయంలో నాలుగో వచనం మూర్ఖుడికి వాడి తీరులో జవాబివ్వొద్దు అంటుంది; ఐదో వచనం ఇవ్వు అంటుంది. వరుసగా పక్కపక్కనే. దీన్ని పట్టుకుని బైబిల్లో వైరుధ్యాలున్నాయని ఒకరు, లేవని ఇంకొకరు గంటలకొద్దీ వాదించుకుంటారు. “ఆలస్యం అమృతం విషం” అని, “నిదానమే ప్రధానం” అని ఒకే నోటితో చెప్పే మన అమ్మమ్మలు ఆ వాదన వింటే నవ్వుతారు. సామెత చట్టం కాదు. ఏది ఎప్పుడు వాడాలో తెలియడమే దాని లోపలి జ్ఞానం. కీర్తనలు పాటలు; వాటిలో కోపం, శాపం, ఏడుపు అన్నీ మనిషి గొంతులోంచి పైకి వెళ్లేవి. 119వ కీర్తనలో 176 వచనాలు ఎందుకంటే హెబ్రీ అక్షరాలు 22, ఒక్కో అక్షరానికి ఎనిమిది వచనాలు. అక్షరమాల వరసలో పద్యాలు అల్లే సంప్రదాయం తెలిసినవారికి ఆ సరదా వెంటనే అందుతుంది.

ప్రసంగాల్లో విన్న సంగతులను పేజీతో సరిచూసుకోవడం ఇంకొకటి. క్రిస్మస్ నాటికలో ముగ్గురు జ్ఞానులు పశువుల పాకలోకి వస్తారు. మత్తయి వాళ్లు ముగ్గురని చెప్పలేదు, మూడు కానుకలని చెప్పాడు. వాళ్లు వచ్చింది ఇంటిలోకి. ధనవంతుడు దేవుని రాజ్యంలో ప్రవేశించడం కంటే ఒంటె సూది బెజ్జంలో దూరడం సులువని యేసు అన్నాడు. ఆ సూది బెజ్జం అంటే యెరూషలేములో ఒక చిన్న ద్వారమని, ఒంటె మోకరిల్లి దూరేదని వేదికల మీద చెబుతూనే ఉంటారు. అలాంటి ద్వారం ఉండేదనడానికి ఆధారం లేదు. ఆ కథ ఎందుకంత ఇష్టమో ఊహించడం కష్టం కాదు, ధనవంతుడికి మోకరిల్లితే దారి దొరుకుతుంది.

ఇలా సరిచూడటం అవిధేయత అని కొన్ని చోట్ల అంటారు. రెండో పేతురు పత్రిక 1:20 చూపించి, సొంతంగా అర్థం చెప్పుకోకూడదని హెచ్చరిస్తారు. తెలుగులో ఆ వచనం, ఒకడు తన ఊహనుబట్టి చెప్పుటవలన ఏ ప్రవచనమును “పుట్టదని” అంటుంది. తర్వాతి వచనం కూడా ప్రవచనం మనుషుల ఇష్టాన్నిబట్టి కలగలేదనే చెబుతుంది. మాట్లాడుతున్నది ప్రవచనం ఎక్కడినుంచి వచ్చిందన్నదాని గురించి. పాఠకుడి నోరు మూయించడానికి ఆ వచనాన్ని వాడాలంటే, దాన్ని ముందు సందర్భం నుంచి తెంపాలి. మరోవైపు అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయంలో బెరయ ఊరివాళ్లు పౌలు చెప్పినవి “ఆలాగున్నవో లేవో” అని రోజూ లేఖనాలు పరిశోధించారు, వాళ్లను ఘనులు అన్నాడు ఆ పుస్తకం రాసిన లూకా. అపొస్తలుడిని సరిచూసినవాళ్లనే మెచ్చుకున్నాడు.

అయితే సొంతంగా అంటే ఒంటరిగా అని కాదు. అదే పుస్తకంలో ఎనిమిదో అధ్యాయంలో ఐతియోపీయుడైన అధికారి రథంలో యెషయా గ్రంథం చదువుకుంటూ వెళుతుంటాడు. చదువుతున్నది అర్థమవుతోందా అని ఫిలిప్పు అడిగితే, ఎవరైనా దారి చూపకపోతే ఎలా అర్థమవుతుందని నిజాయితీగా ఒప్పుకుంటాడు. ఆపైన అడిగిన ప్రశ్న మాత్రం గట్టిది: ప్రవక్త ఈ మాట చెబుతున్నది తన గురించా, వేరొకరి గురించా? యోబు 8:7 దగ్గర అడగాల్సిన ప్రశ్న కూడా అలాంటిదే. రాస్ హిల్ కొండ మీది చర్చికి వెళ్లే కథోలికుల బైబిల్లో 73 పుస్తకాలుంటాయి, కింద పాతనగరంలోని ప్రొటెస్టెంట్ ఇంట్లో 66. ఒకరి ప్రతిని ఇంకొకరు తెరిచి చూసినా, ఒకే వచనాన్ని రెండు అనువాదాల్లో పక్కపక్కన పెట్టుకున్నా, వ్యాఖ్యాన గ్రంథం ఇవ్వలేని ప్రశ్నలు పుడతాయి.

అనువాదాల మాట వచ్చింది కాబట్టి, ఇంగ్లీషు స్టడీ బైబిలు ఉంటేనే లోతు తెలుస్తుందనే భ్రమ గురించి. ఇంగ్లీషులో ‘యూ’ ఒక్కరికీ అదే, వందమందికీ అదే. తెలుగులో నీవు వేరు, మీరు వేరు. హెబ్రీ, గ్రీకు భాషల్లో కూడా అంతే. రాత్రిపూట వచ్చిన నీకొదేముతో యేసు అన్న మాట చూడండి: “మీరు క్రొత్తగా జన్మింపవలెనని నేను నీతో చెప్పినందుకు ఆశ్చర్యపడవద్దు.” మాట్లాడుతున్నది నీతో, చెబుతున్నది మీ అందరి గురించి. గ్రీకులో ఉన్న తేడా తెలుగులో చెక్కుచెదరలేదు. లూకా 22లో కూడా సాతాను “మిమ్మును” జల్లించడానికి కోరుకున్నాడు, నేను “నీకొరకు” వేడుకున్నాను అంటాడు పేతురుతో. ముప్పు అందరికీ, ప్రార్థన ఒక్కడి కోసం. ఇంగ్లీషు పాఠకుడు దీనికి అడుగు పుటలో వివరణ చూసుకోవాలి.

ఇక్కడ కూడా ఒక ఉచ్చు ఉంది. ఇవాళ మనం గౌరవించి ఒక్కరినే మీరు అంటాం. పాత బైబిల్లో దేవుణ్ని కూడా నీవు అనే అంటారు. అందులో ‘మీరు’ అంటే చాలామంది అనే అర్థం. కాబట్టి యిర్మీయా 29:11లో ఉన్న “మిమ్మునుగూర్చి” కార్డు తీసిన ఒక్క మనిషిని గౌరవంగా పిలవడం కాదు. చెరలో ఉన్న మొత్తం జనాన్ని పిలవడం.

మేము, మనము అనే తేడా మరీ ఆసక్తికరం. గ్రీకులో ఆ తేడా లేదు, తెలుగులో తప్పించుకోలేం. మూలంలో ‘మేము/మనము’ వచ్చిన ప్రతిచోటా, వినేవాడు అందులో కలిసి ఉన్నాడా లేడా అని అనువాదకుడు తేల్చాల్సిందే. మార్కు నాలుగో అధ్యాయంలో తుఫాను ఘట్టం దీనికి మంచి ఉదాహరణ. విశాఖ పాఠకుడికి అక్కడ మొదట ఒక సర్దుబాటు అవసరం. “గలిలయ సముద్రము” అనగానే ఆర్కే బీచ్ అలలు, 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్ కళ్లముందుకొస్తాయి. అది సముద్రం కాదు, మంచినీటి సరస్సు. పొడవు సుమారు 21 కిలోమీటర్లు, వెడల్పు 13. నీటిమట్టం సముద్రమట్టానికి 200 మీటర్లకు పైగా కింద ఉంటుంది. చుట్టూ ఉన్న కొండల మీదనుంచి గాలి ఒక్కసారిగా దిగుతుంది. లూకా దాన్ని “గెన్నేసరెతు సరస్సు” అనే అంటాడు. వాయుగుండం, హెచ్చరిక, ఒకటో నంబరు జెండా లాంటి వరసేమీ ఉండదు. అందుకే చేపలు పట్టి బతికిన పేతురు, అంద్రెయ లాంటివాళ్లు కూడా చిక్కుకుపోయారు.

మరో సంగతిలో మాత్రం ఈ ఊరివాళ్లు చాలామంది వ్యాఖ్యాతల కంటే ముందుంటారు. లూకా ఐదులో రాత్రంతా వేటాడి ఏమీ దొరక్క, పొద్దున్నే ఒడ్డున వలలు కడుక్కుంటున్న మనుషులను పెదజాలారిపేటలో ఎవరికీ వర్ణించి చెప్పక్కర్లేదు. వల కడిగేశారంటే ఆ రోజుకు పని అయిపోయినట్టు. కడిగిన వలను మళ్లీ వేయమని వడ్రంగి కొడుకు చెబితే జాలరికి ఎలా ఉంటుందో, “అయినను నీ మాట చొప్పున” అనే సగం వాక్యంలో ఎంత అలసట ఉందో వాళ్లకు వినిపిస్తుంది.

మళ్లీ తుఫాను దగ్గరికి. యేసు దోనె వెనక భాగంలో, అమరమున, తలగడ మీద నిద్రపోతున్నాడు. నీళ్లు నిండుతున్నాయి. శిష్యులు ఆయన్ను లేపి కేకలు పెట్టారు. గ్రీకులో ఉన్నది ‘నశించిపోతున్నాం’ అనే ఒక్క క్రియ. మునిగితే ఆ దోనెలో ఉన్నవాళ్లంతా మునుగుతారు, నిద్రపోతున్నవాడితో సహా. ఆ లెక్కన ‘మనము’ అనాలి. నీకు పట్టదా అని నిష్ఠూరమాడుతున్నారు కాబట్టి, ఆయన్ను తమ భయంలోంచి వేరుచేసి చూస్తున్నారు. ఆ లెక్కన ‘మేము’ అనాలి. గ్రీకు ఏ సాయమూ చేయదు. తెలుగులో ఈ ఘట్టాన్ని రాసినవారెవరైనా ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. పాత తెలుగు బైబిలు తెరిస్తే మార్కు 4:38లో ఇలా ఉంటుంది: “బోధకుడా, మేము నశించిపోవుచున్నాము.”